ఆర్త భక్తుడు గోగులపాటి కూర్మనాథకవి

తూర్పు కనుమలకు, బంగాళాఖాతానికి నడుమ విస్తరించిన సీమ ఉత్తరాంధ్ర. విజయనగరం నుండి పేరులోనే గజపతి శబ్దాన్ని నిలుపుకొన్న గజపతినగరం మీదుగా సాలూరు కనుమల వైపు సాగిపోయే బాట ఈ సీమకు వెన్నెముక వంటిది. ఈ బాటకు ఇరువైపులా ఉన్న పల్లెల్లో నేటికీ అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం, కూర్మినాయుడు, అప్పలనరసమ్మ అనే పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. కష్టం వచ్చినా సుఖం వచ్చినా ఇక్కడి రైతు నోట మొదట పలికే పేరు సింహాద్రి అప్పన్న. ఈ ప్రజల విశ్వాసానికి పద్యరూపం ఇచ్చి, ఆపద ముంచుకు వచ్చిన వేళ దైవాన్నే నిలదీసి వేడుకొన్న మహాభక్తుడు గోగులపాటి కూర్మనాథకవి.

కూర్మనాథకవి పద్దెనిమిదవ శతాబ్దికి చెందినవాడు. సాహిత్య చరిత్రకారులు ఇతని కాలాన్ని సుమారు 1720 - 1790 సంవత్సరాల మధ్య నిర్ణయించారు. విజయనగరానికి సమీపాన ఉన్న రామతీర్థం ఇతని జన్మస్థలమని ప్రసిద్ధి. శ్రీరాముని ఆలయంతోపాటు ప్రాచీన బౌద్ధ, జైన శిథిలాలను తన కొండలపై దాచుకొన్న పుణ్యక్షేత్రం రామతీర్థం. శ్రీకాకుళం సమీపంలోని శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకొంటున్నాడు. ఆ స్వామి పేరే మన కవికి నామధేయమయింది. ఈ విధంగా పుట్టిన ఊరు, పెట్టిన పేరు రెండూ ఇతని జీవితాన్ని దేవాలయాలతో ముడివేశాయి.

ఆనాడు ఈ ప్రాంతాన్ని పూసపాటి వంశీయులైన విజయనగర ప్రభువులు పాలిస్తుండేవారు. సింహాచలం, శ్రీకూర్మం, రామతీర్థం, పద్మనాభం మొదలైన క్షేత్రాలు వారి సంరక్షణలో ఉండేవి. కూర్మనాథకవి ఈ దేవస్థానాలలో అధికారిగా పనిచేశాడు. దేవస్థానపు కొలువు అంటే కేవలం దేవుని ముందు చేతులు జోడించి నిలవటం కాదు. దేవుని మాన్యాల మీద వచ్చే రాబడిని చూడాలి. నిత్య నైవేద్యానికి, దీపారాధనకు లోటు రాకుండా కనిపెట్టాలి. అర్చకులకు, పరిచారకులకు, మేళగాండ్రకు అందవలసినవి అందించాలి. ఉత్సవాలు నిర్విఘ్నంగా జరిపించాలి. స్వామి ఆభరణాలను కంటికి రెప్పలా కాపాడాలి. అందువల్ల దేవాలయానికి వచ్చే ప్రతి కష్టమూ అధికారికి సొంత కష్టమే అవుతుంది. కూర్మనాథకవి భక్తి ఇటువంటి బాధ్యత నుండి పెరిగిన భక్తి.

ఇతడు సేవించిన క్షేత్రాలలో సింహాచలం మిన్న. శ్రీ వరాహ లక్ష్మీనృసింహస్వామి అక్కడ ఏడాది పొడవునా చందనపు పూతలో దర్శనమిస్తాడు. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే భక్తులకు నిజరూప దర్శనం లభిస్తుంది. పదకొండవ శతాబ్ది చివరినాటి శాసనాలు ఈ ఆలయంలో ఉన్నాయి. పదమూడవ శతాబ్దిలో తూర్పు గాంగరాజైన నరసింహదేవుని కాలంలో ఆలయం నేటి శిల్పవైభవాన్ని సంతరించుకొంది. కళింగ విజయయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఈ స్వామిని దర్శించి విలువైన కానుకలు సమర్పించాడు. ఎందరో రాజులు భక్తితో సమర్పించిన సంపద ఆలయంలో ఉన్నదన్న ప్రసిద్ధి దూరదేశాలకు కూడా పాకింది. ఆ ప్రసిద్ధే ఒకనాడు ప్రమాదానికి కారణమయింది.

1753 నాటికి ఉత్తర సర్కారుల రాజకీయం కల్లోలభరితంగా మారింది. నిజాము పీఠాన్ని అధిష్ఠించిన సలాబత్ జంగ్, తనకు అండగా నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీకి శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం సర్కారులను ఇచ్చాడు. అప్పటి వరకు శ్రీకాకుళం సర్కారుకు ఫౌజుదారుగా ఉన్న జాఫర్ అలీఖాన్ ఈ ఏర్పాటును అంగీకరించలేదు. విజయనగర ప్రభువు పెద విజయరామరాజు మొదట జాఫర్ అలీతో చేతులు కలిపినా, తరువాత ఫ్రెంచివారు అనుకూలమైన షరతులు చూపటంతో వారి పక్షాన చేరాడు. దీనికి ఆగ్రహించిన జాఫర్ అలీ నాగపూరు మరాఠా ప్రభువైన రఘూజీ భోంస్లే సహాయాన్ని అర్థించాడు. 1754లో మరాఠా అశ్వికదళాలు కొండదారుల గుండా ఈ సీమలోకి దిగి విజయరామరాజు సేనలను ఓడించాయి. గోదావరి వరకు ఉన్న దేశాన్ని కొల్లగొట్టాయి.

ఇది మతాల మధ్య పోరాటం కాదు. దండెత్తి వచ్చిన సేనను నడిపించినవాడు ముస్లిం. అతనికి బలమిచ్చినవారు హిందువులైన మరాఠాలు. వారికి ఎదురు నిలిచిన రాజుకు అండగా ఉన్నవారు ఫ్రెంచివారు. శిస్తు వసూలు చేసే హక్కు ఎవరిదన్నదే అసలు వివాదం. కాని ఆ వివాదంతో ఏ సంబంధమూ లేని పల్లెల ప్రజలే దాని ఫలితాన్ని అనుభవించారు. పొట్నూరు, భీమసింగి, జామి, చోడవరం మొదలైన గ్రామాలు దోపిడికి గురి అయ్యాయని ఈ ప్రాంతపు సంప్రదాయం చెబుతున్నది. గాదెలలోని ధాన్యం పోయింది. పశువులు పోయాయి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని ప్రజలు కొండలను, అడవులను ఆశ్రయించారు. దోపిడి మూకలు చివరకు సింహాచలం వైపు మళ్ళాయి.

ఆ సమయంలో కూర్మనాథకవి సింహాచలంలోనే ఉన్నాడు. రక్షించవలసిన రాజు తానే ఓడిపోయాడు. ఆలయాన్ని కాపాడగల సైన్యం లేదు. ఆయుధం పట్టటం కవికి తెలియదు. ప్రాణం దక్కించుకోవాలంటే ఎందరో పోయిన దారిన తానూ పోవచ్చు. కాని తాను నమ్మిన దైవాన్ని, తనకు అప్పగించిన ఆలయాన్ని విడిచి పోవటానికి అతనికి మనసు ఒప్పలేదు. మనుష్య ప్రయత్నానికి ఉన్న దారులన్నీ మూసుకుపోయిన ఆ క్షణంలో అతడు స్వామి సన్నిధికి వెళ్ళి నిలిచాడు. అతని ఆవేదన సీస పద్యాలుగా పొంగి పొరలింది. అదే సింహాద్రి నారసింహ శతకం.

ప్రార్థన అనగానే వినయపూర్వకమైన మృదువాక్యాలు మనకు స్ఫురిస్తాయి. కూర్మనాథకవి ప్రార్థన అటువంటిది కాదు. అది నిందాస్తుతి. పైకి నిందగా కనిపిస్తూ లోపల స్తుతిని నింపుకొన్న రచనను నిందాస్తుతి అంటారు. కవి స్వామిని బతిమాలటంతో సరిపెట్టక నిలదీశాడు. ప్రహ్లాదుని కోసం స్తంభాన్ని చీల్చుకొని వచ్చిన పరాక్రమం ఏమయిందని ప్రశ్నించాడు. ప్రజలు ఇళ్ళు వాకిళ్ళు కోల్పోయి విలపిస్తుంటే నిశ్చింతగా ఎలా కూర్చున్నావని ఎత్తిపొడిచాడు. భక్తరక్షకుడన్న బిరుదుకు మచ్చ వస్తుందని హెచ్చరించాడు. ఇంటి పెద్ద పట్టించుకోకపోతే ఆ ఇంటి బిడ్డ అలిగి మాట్లాడినట్లుగా ఈ పద్యాలు సాగుతాయి. దైవం వినడన్న అపనమ్మకం ఉన్నవాడు ఇలా మాట్లాడలేడు. తప్పక వింటాడన్న గట్టి నమ్మకమే ఇంతటి చనువును ఇవ్వగలదు.

ఈ ప్రార్థనలో గమనింపదగిన మరొక విశేషం ఉన్నది. కవి తన ప్రాణాన్ని మాత్రమే కాపాడమని కోరలేదు. ధనాన్ని, పదవిని యాచించలేదు. దేశం పడుతున్న దుఃఖాన్ని స్వామికి విన్నవించాడు. వ్యక్తిగతమైన భక్తి ఇక్కడ ప్రజల పక్షాన చేసిన విన్నపంగా మారింది. అందువల్లనే ఈ శతకం భక్తిశతకమే కాక, ఆనాటి ఉత్తరాంధ్ర సామాజిక స్థితికి సాక్ష్యంగా నిలిచిన చారిత్రక రచన కూడా అయింది.

కవి ఆవేశంతో పద్యాలు చెబుతుండగా కొండ మీది నుండి గండుతుమ్మెదలు దండుగా లేచి వచ్చి శత్రుసేనపై విరుచుకుపడ్డాయని, ఆ పోట్లకు తాళలేక సైనికులు చెల్లాచెదరై పారిపోయారని సింహాచల సంప్రదాయంలో ప్రసిద్ధమైన గాథ. ఆ తుమ్మెదలు సేనను విశాఖపట్నం దిక్కుగా తరిమివేశాయని, అవి చేరిన చోటికే తుమ్మెదలమెట్ట అన్న పేరు వచ్చిందని పెద్దలు చెప్పుకొంటారు.

ఈ గాథను రెండు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. తూర్పు కనుమల కొండచరియలలో పెద్ద పెద్ద తేనెపట్టులు ఉండటం సహజం. గుర్రాల డెక్కల చప్పుడు, కాగడాల పొగ, జన కోలాహలం వాటిని రేపితే అవి గుంపులుగా మీదపడటంలో అసంభవమేమీ లేదు. హేతుదృష్టి కలవారు ఈ విధంగా వివరిస్తారు. సరిగ్గా ఆ వేళకు, ఆ చోట, ఆ విధంగా జరగటమే స్వామి మహిమ అని భక్తులు విశ్వసిస్తారు. ఈ రెండు వివరణలలో దేనిని అంగీకరించినా కవి గొప్పతనానికి లోటు రాదు. ఎందుకంటే తుమ్మెదలు వస్తాయని ముందుగా తెలిసి అతడు అక్కడ నిలవలేదు. ఫలితం తెలియని స్థితిలోనే అతడు నిలిచాడు. అతని విశ్వాసానికి అసలైన పరీక్ష తుమ్మెదలు రావటానికి ముందే జరిగింది.

భగవద్గీత భక్తులను నాలుగు విధాలుగా పేర్కొన్నది. ఆపదలో ఉన్న ఆర్తుడు, తెలుసుకోగోరే జిజ్ఞాసువు, కోరికలు కల అర్థార్థి, తత్త్వం ఎరిగిన జ్ఞాని అనేవారే ఆ నలుగురు. కష్టం వస్తేనే దేవుడు గుర్తుకు వస్తాడని ఆర్తుని చులకన చేసేవారు లోకంలో ఉన్నారు. కాని గీత అతనిని భక్తుల శ్రేణి నుండి తొలగించలేదు. పోతన భాగవతంలోని గజేంద్రుడు ఆర్త భక్తికి ప్రసిద్ధమైన ఉదాహరణ. తన బలమంతా ఉడిగిపోయే వరకు మొసలితో పోరాడిన తరువాతనే అతడు భగవంతుని తలచుకొన్నాడు. దైవం ఉన్నాడా అన్న సందేహం కూడా ఒక క్షణం అతనిని బాధించింది. ఆ సందేహాన్ని దాటిన తరువాతనే సంపూర్ణమైన శరణాగతి కలిగింది. కూర్మనాథకవి శతకంలోని ప్రశ్నలు కూడా గజేంద్రుని సందేహం వంటివే. అవి నమ్మకానికి విరుద్ధమైనవి కావు. నమ్మకం అగ్నిలో పడి మెరుగు పెట్టుకొనే దశలో పుట్టినవి.

తెలుగు సాహిత్యంలో ఈ మార్గాన నడిచిన భక్తులు మరికొందరు ఉన్నారు. పదిహేడవ శతాబ్దిలో గోలకొండ చెరసాలలో మగ్గిన కంచెర్ల గోపన్న భద్రాద్రి రాముని వేడుకొంటూ, కోపగించుకొంటూ కీర్తనలు పాడాడు. ధంసా సేనలు భద్రాచలం మీదికి వచ్చిన కాలంలో భల్లా పేరకవి భద్రగిరి శతకం రచించాడు. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును సంబోధిస్తూ కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం చెప్పాడు. ఈ శ్రీకాకుళం కృష్ణాతీరంలోని క్షేత్రమని గుర్తుంచుకోవాలి. చేతిలో అధికారం లేని కవి అన్యాయాన్ని ఎదిరించటానికి పద్యాన్నే ఆయుధంగా చేసుకొన్న తీరు ఈ రచనలన్నింటిలో కనిపిస్తుంది. శతకం కేవలం నీతి బోధకు పరిమితమైనది కాదని, ప్రజల గోడును వినిపించే గొంతు కూడా కాగలదని వీరు నిరూపించారు.

కూర్మనాథకవి శతకకర్త మాత్రమే కాడు. మృత్యుంజయ విలాసం అనే యక్షగానాన్ని కూడా రచించాడు. విష్ణు క్షేత్రాలను సేవించిన కవి శివుని పేర యక్షగానం రచించటం ఇతని భక్తిలోని విశాలతకు నిదర్శనం. అతని మాటలలో పాండిత్యంతోపాటు ఉత్తరాంధ్ర జనుల పలుకుబడి, ఆనాటి కచేరీలలోను, దండులలోను వాడుకలో ఉన్న అన్యదేశ్యాలు కూడా సహజంగా ఒదిగిపోయాయి.

1754 తరువాత కూడా ఈ సీమకు శాంతి లభించలేదు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. ఆ వెంటనే పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుని చేతిలో హతుడయ్యాడు. ఫ్రెంచివారి ప్రాబల్యం అంతరించి ఆంగ్లేయుల అధికారం వేళ్ళూనుకొంది. కోటలు కూలాయి. పాలకులు మారారు. జాఫర్ అలీ పేరు నేడు చరిత్ర గ్రంథాలలో మాత్రమే మిగిలింది. సింహాచలంలో అర్చన ఆగలేదు. కూర్మనాథకవి పద్యం మాసిపోలేదు.

ఆపద మనిషిలోని నిజస్వరూపాన్ని బయటపెడుతుంది. కొందరు ధైర్యం కోల్పోతారు. కొందరు ఇతరులను విడిచి తమ దారి చూసుకొంటారు. కూర్మనాథకవి తన బాధ్యత ఉన్న చోటనే నిలిచి, తనకు చేతనైన ఒకే ఒక పని చేశాడు. తాను నమ్మిన దైవంతో దాపరికం లేకుండా మాట్లాడాడు. ప్రార్థన పిరికితనానికి మారుపేరు కాదని, పారిపోకుండా నిలబడటానికి కావలసిన బలాన్ని ఇచ్చే శక్తి అని అతని జీవితం తెలియజేస్తున్నది. తన కోసం కాక పదిమంది కోసం చేసిన ప్రార్థన కనుకనే అది రెండున్నర శతాబ్దాలు గడిచినా తెలుగువారి నాలుకలపై నిలిచి ఉన్నది.