మూడో నంబరు కారు యజమాని తాటికొండ నంబెరుమాళ్ చెట్టి

లారీకో, ట్రాక్టరుకో దొరకని విడిభాగం కావలసి వస్తే సత్యవేడు, నాగలాపురం, తడ ప్రాంతాలవారు చెన్నపట్నం బస్సు ఎక్కడం తరతరాల అలవాటు. పాత మోటారు సామానుకు పేరుబడిన పుదుపేటకు పక్కనే, కూవం నది వంపులో చింతాద్రిపేట ఉంది. 1734లో గవర్నరు మోర్టన్ పిట్ కాలంలో, సుంకురామ చెట్టి అనే తెలుగు వర్తకుని తోట ఉన్న స్థలంలో నేతగాళ్ళ కోసం వెలసిన పేట ఇది. చిన్న మగ్గాల పేట అని అర్థమిచ్చే తమిళ మాటల నుండి దీనికి ఆ పేరు వచ్చిందంటారు. మగ్గాల చప్పుడుతో మొదలైన ఈ పేట అంచునే, మౌంటు రోడ్డు మీద, తరువాతి కాలంలో మోటారు చప్పుడు మొదలైంది. అక్కడి సింప్సన్ కంపెనీలో 1903లో శామ్యూల్ జాన్ గ్రీన్ ఆవిరితో నడిచే కారును తయారుచేశాడు.

ఆ కాలంలోనే ఈ నగరంలో కారు కొన్న తొలి భారతీయునిగా పేరు పొందినవాడు ఒక తెలుగువాడు. ఆయనే తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఆయన కారు నంబరు ఎం.సి. 3. ఎం.సి. 1 నంబరు కారు దొరగారైన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగుది. అయితే నంబెరుమాళ్ చెట్టిని ఒక కారు యజమానిగా మాత్రమే తలచుకోవడం ఆయనకు న్యాయం చేయడం కాదు. చింతాద్రిపేట చుట్టూ రెండు మూడు మైళ్ళ దూరంలో ఈనాటికీ తలెత్తి నిలిచిన ఎర్రని భవనాలలో అనేకం ఆయన కట్టించినవే.

కట్టడాల మేస్త్రీ

నంబెరుమాళ్ చెట్టి 1856లో జన్మించాడు. వృత్తిరీత్యా కట్టడాల కాంట్రాక్టరు. ఆయన యౌవనంలో మద్రాసు రూపురేఖలు మారుతున్నాయి. కోటలోను, జార్జిటౌన్‌లోను ఇరుకుగా సాగిన కచేరీలకు, బ్యాంకులకు, గ్రంథాలయాలకు పెద్ద భవనాలు కావలసి వచ్చాయి. వాటికి నమూనాలు గీసినవారు రాబర్ట్ చిషోమ్, హెన్రీ ఇర్విన్ వంటి ఆంగ్లేయ వాస్తుశిల్పులు. మన దేశపు గుమ్మటాలను, కమానులను, పాశ్చాత్యుల గోడలను, గోపురాలను కలిపి వారు ఒక కొత్త పద్ధతిని తీర్చారు.

కాగితం మీద గుమ్మటం గీయడం ఒక విద్య. దానిని నేలమీద నిలబెట్టడం మరొక విద్య. ఇటుక ఎక్కడ కాలాలి, సున్నం ఎన్నాళ్ళు నానాలి, కలప ఎక్కడి నుండి రావాలి, రాయి చెక్కేవారు ఎందరు కావాలి, వర్షం వస్తే కూలీలకు పని ఎలా చూపాలి అనే లెక్కలన్నీ కాంట్రాక్టరువే. పని చెడితే నష్టం అతనిది. పని నిలిస్తే కీర్తి మాత్రం నమూనా గీసినవారిది. ఆ బరువును దశాబ్దాల తరబడి మోసినవాడు నంబెరుమాళ్ చెట్టి.

చింతాద్రిపేటకు ఉత్తరాన, సెంట్రల్ స్టేషను చెంత ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు చిషోమ్ నమూనా. దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతిరాజు. 1888-1890 సంవత్సరాల మధ్య దానిని కట్టి అప్పగించినవాడు నంబెరుమాళ్ చెట్టి. ఆ తరువాత హెన్రీ ఇర్విన్‌తో ఆయన కలయిక ఫలించింది. 1892లో ప్రారంభమైన హైకోర్టు భవనం, దాని పక్కనే న్యాయ కళాశాల, సముద్రపు ఒడ్డున బ్యాంక్ ఆఫ్ మద్రాసు భవనం, ఎగ్మూరులో 1896లో తెరచిన కన్నెమరా గ్రంథాలయం ఆయన చేతిమీదుగా లేచాయి. న్యాయం కోసమైనా, చదువు కోసమైనా పట్నం వెళ్ళిన మన ప్రాంతపు పెద్దలు ఆయన కట్టిన గడపలనే తొక్కారు.

సరిహద్దు గ్రామాలవారు మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన భవనం మరొకటి ఉంది. ఎగ్మూరు మ్యూజియం ఆవరణలోని విక్టోరియా మెమోరియల్ హాలుకు 1906లో శంకుస్థాపన జరిగింది. 1909లో అది ప్రారంభమైంది. తరువాత అదే నేషనల్ ఆర్ట్ గ్యాలరీ అనే పేరుతో చిత్రాలకు, శిల్పాలకు నిలయమైంది. ఫతేపూర్ సిక్రీ ద్వారాన్ని తలపించే దాని ముఖద్వారానికి వన్నె తెచ్చింది గులాబీ రంగు ఇసుకరాయి. ఆ రాయి మన సత్యవేడుది. మన సీమ రాతిని ఇర్విన్ గీసిన గీత ప్రకారం పేర్చి నిలిపిన ఘనత నంబెరుమాళ్ చెట్టిది.

ఇరుసులో ఉన్న రహస్యం

ఇంతటి నిర్మాత కొన్న కారు ఫ్రాన్సు దేశపు డి డియాన్ బూటన్. ఆనాటికి ప్రపంచంలోని పెద్ద కార్ల కంపెనీలలో అది ఒకటి. దాని పుట్టుక కథ వినసొంపైనది. 1881లో జూల్ ఆల్బర్ట్ డి డియాన్ అనే ప్రభువు పారిస్‌లోని ఒక అంగడిలో బొమ్మ ఆవిరి యంత్రాన్ని చూసి ముచ్చటపడ్డాడు. దానిని చేసినవారు జార్జి బూటన్, అతని బావమరిది శార్ల్ ట్రెపార్దూ. ముగ్గురూ కలిసి 1883లో కంపెనీ పెట్టి తొలుత ఆవిరి బండ్లు చేశారు. పెట్రోలు యంత్రం మీద నమ్మకం లేని ట్రెపార్దూ 1894లో తప్పుకున్నాడు. మిగిలిన ఇద్దరూ 1895లో 137 సీసీల చిన్న యంత్రాన్ని తెచ్చారు. అందులో ఉన్నది ఒకే సిలిండరు. నాటి యంత్రాలు నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరగడమే గొప్ప. ఈ చిన్న యంత్రం 1,500 చుట్లు దాటింది. ఎర్రగా కాల్చిన గొట్టంతో మంట పెట్టే పద్ధతిని వదలి, బ్యాటరీ, కాయిల్ సాయంతో సరైన క్షణంలో నిప్పురవ్వ పుట్టించడమే దీనికి కారణం. ఇతర కంపెనీలు సైతం ఈ యంత్రాలను కొని తమ బండ్లకు అమర్చుకున్నాయి. రెనో తొలి కారు నడిచింది డి డియాన్ యంత్రంతోనే.

అయితే ఆ కంపెనీ పేరు నేటికీ ఇంజనీర్ల నోట నిలిచింది యంత్రం వల్ల కాదు, ఇరుసు వల్ల. తప్పుకొని వెళ్ళిన ట్రెపార్దూ ఆలోచన అది.

ఎద్దులబండి తెలిసిన ఇంట ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. బండి ఇరుసు తిరగదు. బరువు మోస్తుంది, చక్రాలను నిటారుగా పట్టి ఉంచుతుంది. చక్రాలు దాని కొసల మీద తిరుగుతాయి. మోటారు బండి వచ్చేసరికి ఇరుసుకు రెండో పని కూడా పడింది. యంత్రపు బలాన్ని చక్రాలకు అందించాలి. లారీలలో ఈ రెండు పనులూ ఒకే బరువైన ఇరుసు చేస్తుంది. దాని నడుమ ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్ కూడా ఇరుసుతో పాటే ఉంటుంది. చక్రం గుంతలో పడినప్పుడు ఆ బరువంతా చక్రంతో పాటు ఎగిరిపడుతుంది. స్ప్రింగులు పైనున్న బండిని కాపాడగలవు కానీ, కింద ఎగిరే బరువును తగ్గించలేవు. బరువైన చక్రం నేలను విడిచి గెంతుతుంది. నేలను విడిచిన చక్రానికి పట్టు ఉండదు.

ట్రెపార్దూ ఈ రెండు పనులను విడదీశాడు. డిఫరెన్షియల్‌ను ఇరుసు మీది నుండి తీసి చట్రానికి బిగించాడు. దాని నుండి మడత కీళ్ళున్న రెండు చిన్న షాఫ్టులు యంత్రపు బలాన్ని చక్రాలకు చేరుస్తాయి. చక్రాలను ఒకదానికొకటి సమంగా పట్టి ఉంచే పని మాత్రం తేలికైన ఒక వంపు గొట్టానిది. ఎద్దులబండి ఇరుసు చేసే పనిని ఈ గొట్టం, తిప్పే పనిని షాఫ్టులు పంచుకున్నాయి. కింద ఎగిరే బరువు తగ్గింది. కంకర రోడ్డు మీద కూడా చక్రం నేలను అంటిపెట్టుకొని సాగింది.

భవనాలు కట్టేవారికి ఈ సూత్రం కొత్తది కాదు. పైబరువు మోసే స్తంభం వేరు, గాలీ వానా ఆపే గోడ వేరు. ఏ పనికి ఏది నిలవాలో విడదీసి చూడడమే నిర్మాణ విద్యకు పునాది.

మద్రాసు నుండి మిలాన్ వరకు

ఈ ఇరుసు ఆయుష్షు నంబెరుమాళ్ చెట్టి కాలంతో ముగియలేదు. డి డియాన్ కంపెనీ 1932లో కార్ల తయారీ మానివేసినా, బలమైన యంత్రాలతో కార్లు చేసేవారికి ఆ గొట్టం అక్కరకు వచ్చింది. 1963లో ఇటలీలోని టురిన్ ప్రదర్శనలో ఐసో గ్రిఫో అనే కారు కనిపించింది. దూర ప్రయాణాన్ని సుఖంగాను, అతివేగంగాను ముగించడానికి చేసిన రెండు తలుపుల బండి అది. దానిని చేయించిన రెంజో రివోల్టా అంతకు ముందు రిఫ్రిజిరేటర్లు, ఐసెట్టా అనే బుల్లి కారు చేసిన మిలాన్ ప్రాంతపు పారిశ్రామికవేత్త. యంత్ర నిర్మాణం జొట్టో బిజారినిది. ఆయన అంతకు ముందు ఫెరారీలో పనిచేసిన ఇంజనీరు. ఆకృతి బెర్టోనె సంస్థలో ఉన్న యువకుడు జుజారోది.

గ్రిఫోలో యంత్రం ముందుంటుంది. అయితే దానిని ముందు చక్రాల రేఖకు వీలైనంత వెనుకకు జరిపి కూర్చోబెట్టారు. ముందు వెనుకల బరువు సమతూకంలో ఉండడానికి ఈ ఏర్పాటు. యంత్రం అమెరికా షెవర్లే కంపెనీది. ఎనిమిది సిలిండర్లు, సుమారు 5.4 లీటర్లు, రకాన్ని బట్టి 300 లేదా 350 గుర్రాల బలం. గంటకు 250 కిలోమీటర్లు దాటే వేగం. అంతటి బలాన్ని నేలకు దింపే వెనుక చక్రాలను పట్టి ఉంచినది డి డియాన్ గొట్టమే. వెనుక డిస్కు బ్రేకులను కూడా చక్రాల వద్ద కాక లోపల, డిఫరెన్షియల్ పక్కన అమర్చారు. చక్రం వద్ద ఎగిరే బరువు ఇంకా తగ్గించాలన్నదే ఉద్దేశం. 1965 నుండి 1974 వరకు సుమారు నాలుగు వందల గ్రిఫోలు తయారయ్యాయి. మద్రాసు కంకర రోడ్ల నాటి కంపెనీ ఆలోచన అరవై ఏళ్ళ తరువాత ఇటలీ రాజమార్గాల మీద అదే పని చేసింది. కనిపెట్టిన ట్రెపార్దూ పేరు మాత్రం ఆ గొట్టానికి అంటలేదు. వదలి వచ్చిన కంపెనీ పేరే దానికి స్థిరపడింది.

ఒక గణితవేత్తకు ఇచ్చిన నీడ

చెట్‌పట్ ప్రాంతంలో నంబెరుమాళ్ చెట్టికి విశాలమైన ఆస్తులు, బంగళాలు ఉండేవి. ఆయన సంపద ఎంతటిదో చెప్పడానికి వాటిని లెక్కించేవారున్నారు. వాటిలో రెండు బంగళాలు మాత్రం లెక్కకు అందని కారణంగా చరిత్రకెక్కాయి.

1919లో గణితవేత్త శ్రీనివాస రామానుజన్ ఇంగ్లండు నుండి రోగపీడితుడై తిరిగి వచ్చాడు. ఏడేళ్ళ కిందట, 1912లో, అతనికి మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చోటు దొరికింది. ఆ పోర్టు ట్రస్టు అధిపతి సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు, అనగా ఎం.సి. 1 నంబరు కారు యజమానే. చివరి రోజులలో అతనికి నీడనిచ్చినవాడు ఎం.సి. 3 నంబరు కారు యజమాని నంబెరుమాళ్ చెట్టి. చెట్‌పట్‌లోని క్రైనాంట్ అనే బంగళాలోను, తరువాత గొమెత్ర అనే బంగళాలోను రామానుజన్‌ను ఉంచి చూసుకున్నారు. 1920 జనవరిలో ప్రొఫెసర్ హార్డీకి తన కొత్త సూత్రాలను గురించి ఉత్తరం రాసిన రామానుజన్, మంచం మీదనే ఉండి లెక్కలు సాగించాడు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆ కాగితాల మీది సూత్రాలను శోధించడంలో ప్రపంచ గణితవేత్తలు తరువాతి దశాబ్దాలన్నీ గడిపారు. ఇల్లు ఇచ్చిన కాంట్రాక్టరుకు ఆ సూత్రాలతో పని లేదు. పని చేసుకునేవానికి గోడ, కప్పు, ప్రశాంతత కావాలన్నది మాత్రం ఆయన వృత్తి నేర్పిన పాఠమే.

నిలిచినవి

నంబెరుమాళ్ చెట్టి 1925లో మరణించాడు. నమూనాలు గీసిన చిషోమ్, ఇర్విన్‌ల పేర్లు వాస్తుశాస్త్ర గ్రంథాలలో నిలిచాయి. వాటిని కట్టి నిలిపిన తెలుగువాని పేరు ఆ భవనాల ముందు నడిచేవారిలో చాలామందికి తెలియదు. కారు విషయంలోనూ అంతే. మెరిసే బంపరును, ముందున్న యంత్రాన్ని అందరూ చూస్తారు. కిందకు వంగి ఇరుసును చూసేవాడు మెకానిక్కు ఒక్కడే.

ఈసారి విడిభాగం కోసం పట్నం వెళ్ళిన మన ప్రాంతపు కుటుంబాలవారు ఎగ్మూరు మ్యూజియం దాకా నడిస్తే, సత్యవేడు రాయి పొదిగిన గులాబీ ద్వారం కనిపిస్తుంది. ఆ రాయి మన ఊళ్ళది. దానిని అక్కడ నిలిపిన చేయి తాటికొండ నంబెరుమాళ్ చెట్టిది. పిల్లలకు ఆ రెండు మాటలూ చెప్పడం పెద్దల బాధ్యత.