చెరువు పూడ్చవద్దన్న దొర

ఊళ్ళో మన్యపు జ్వరాలు వస్తే చెరువు పూడ్చెయ్యాలి, వీధి ఇరుకైతే ఇళ్ళు కూల్చెయ్యాలి. తెల్లవారి కాలంలో మునిసిపాలిటీ ఇంజనీర్లలో చాలామందికి తెలిసిన వైద్యం ఇదే. అది తప్పని వాదించినవాడూ ఒక దొరే. ఆయన పాట్రిక్ గెడ్డెస్.

1854లో స్కాట్లండులో పుట్టిన గెడ్డెస్ జీవశాస్త్రం చదివారు. 1879లో మెక్సికోలో ఉండగా కొన్ని వారాలు చూపు పోయి, చీకటి గదిలో గడపవలసి వచ్చింది. చూపు తిరిగి వచ్చినా సూక్ష్మదర్శినితో పని సాగలేదు. మొక్కలను చూసిన కళ్ళు ఊళ్ళమీదికి మళ్ళాయి. 1886లో పెళ్ళయ్యాక ఎడింబరో పాతబస్తీలో, అందరూ ముక్కు మూసుకుని దాటే వాడలో భార్య అన్నాతో కాపురం పెట్టారు. ఇరుగుపొరుగువారితో కలిసి చెత్త ఎత్తారు, గోడలకు సున్నాలు వేశారు, ఖాళీ జాగాల్లో తోటలు పెంచారు.

1914లో మద్రాసు గవర్నరు పెంట్లండు ప్రభువు పిలుపుపై ఇండియాకు బయలుదేరారు. ఆయన పటాలు తెస్తున్న ఓడను ఎమ్డెన్ ముంచేసింది. మద్రాసుపై గుండ్లు కురిపించిన ఎమ్డెనే అది. మిత్రులు మళ్ళీ పటాలు పోగుచేసి పంపగా, 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన జరిగింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే.

చెరువులో చేపలు, బాతులు ఉంటే దోమపిల్లలను అవే తింటాయని గెడ్డెస్ చెప్పారు. చెరువు గాలిని చల్లబరుస్తుంది, వాన ముంచెత్తితే నీరు పట్టుకుంటుంది. దాన్ని పూడిస్తే ఇవన్నీ పోతాయి. ఇరుకు వీధిలో పాడుబడ్డ ఇల్లు ఒకటో రెండో తీసి, ఆ జాగాలో చెట్టు నాటితే చాలు. మిగతా ఇళ్ళ జోలికి పోనక్కరలేదన్నారు. ఖర్చు తక్కువ. బీదలు రోడ్డున పడరు. పెరట్లోని తులసికోటను చూసి, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం ఈ దేశానికి కొత్తగా నేర్పనక్కరలేదని గ్రహించిన మనిషి ఆయన.

1917 ఆయనకు చెడ్డ సంవత్సరం. పెద్దకొడుకు ఫ్రాన్సు యుద్ధరంగంలో చనిపోయాడు. అప్పటికే భార్య జ్వరంతో మంచాన ఉన్నారు. గెడ్డెస్ ఆ కబురు దాచి, కొడుకు పాత ఉత్తరాలే చదివి వినిపించారట. ఆ సంగతి తెలియకుండానే ఆమె కలకత్తాలో కన్నుమూశారు.

తరువాత హోల్కారుల ఇందోరులో పని. ఊరంతా ప్లేగు భయం. పటం పట్టుకు తిరిగే ఈ ముసలి దొరను చూస్తే ఇళ్ళు కూల్చడానికే వచ్చాడని జనం హడలిపోయేవారు. ఆయన ఒక్కరోజు రాజరికం అడిగి పుచ్చుకున్నారు. దీపావళి ఊరేగింపు పాత దారిన కాక, ఇళ్ళు ఎక్కువ శుభ్రంగా ఉన్న వీధుల గుండా పోతుందని చాటించారు. ఇక చూడాలి! వేల బళ్ళ చెత్త ఊరు దాటింది. ఊరేగింపులో ఏనుగులు, గుర్రాలు, ప్లేగు ఎలుక బొమ్మ నడిచాయి. వాటి వెనక తెల్లని కొత్త బట్టల్లో, పూలు చుట్టిన చీపుళ్ళతో వీధులూడ్చేవారు నడిచారు. నిత్యం దూరంగా ఉంచిన మనుషులకు ఆనాడు ఊరు దారి ఇచ్చింది. చివర ఎలుక బొమ్మను తగలబెట్టారు.

ఇందోరుపై ఆయన నివేదిక 1918లో రెండు సంపుటాలుగా అచ్చయింది. 1919 నుంచి బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసి, 1924లో దేశం విడిచారు. 1932 ఏప్రిల్ 17న ఫ్రాన్సులోని మొంపెలియేలో మరణించారు.