బందరు విడిచి వెళ్ళని నోబుల్ దొర

మచిలీపట్నం: కృష్ణా జిల్లాలో నోబుల్ కాలేజీ పేరు తెలియనివారు అరుదు. అయితే ఆ పేరు ఎవరిదని అడిగితే చెప్పగలిగేవారు కొద్దిమందే. ఆ పేరుగల మనిషి ఇంగ్లండు నుంచి వచ్చి 24 సంవత్సరాలు ఇక్కడే వుండి, ఇక్కడే కన్నుమూశారు. మధ్యలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళిరాలేదు. పెళ్ళి చేసుకోలేదు. బడే ఆయన ఇల్లు, బడి పిల్లలే ఆయన సంసారం.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1809లో లెస్టర్‌షైర్‌లో ఒక చర్చి గురువు ఇంట జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి తానూ గురువు అయ్యారు. చర్చి మిషనరీ సొసైటీ తెలుగువారి మధ్య పని ప్రారంభించ తలపెట్టినపుడు, ఆక్స్‌ఫర్డులో చదివిన హెన్రీ ఫాక్స్‌తో కలిసి 1841లో ఓడ ఎక్కారు. బందరు చేరాక ఇద్దరూ పని పంచుకున్నారు. ఊరూరా తిరిగి బోధించడం ఫాక్స్ వంతు. బడి పెట్టడం నోబుల్ వంతు. ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్ళిన ఫాక్స్ 1848లో మరణించారు.

నోబుల్ ముందు తెలుగు నేర్చుకున్నారు. తరువాత 1843 నవంబరు 21న ఇంగ్లీషు పాఠశాల తెరిచారు. రేపు జిల్లాలో పెత్తనం చేయబోయేవారు పై కులాల పిల్లలేనని, వారికి చదువుతోపాటు దైవభక్తి, నీతి అబ్బితే ఊళ్ళు బాగుపడతాయని ఆయన ఆలోచన. అందుకే లెక్కలు, ఇంగ్లీషుతోపాటు బైబిలు పాఠం కూడా తప్పనిసరి చేశారు. అయితే ఈ ఆలోచనలో ఒక లోటు వుంది. ఊరి చివర వుండే పేద కులాల పిల్లలకు తొలినాళ్ళలో ఆ బడిలో చోటు దొరకలేదు.

1852లో పెద్ద పరీక్ష ఎదురైంది. ఆ ఏడే బెజవాడలో కృష్ణ ఆనకట్ట పని మొదలైంది. బందరులో మాత్రం జనం నోట నోబుల్ బడి మాటే. మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడు, ఐనాల భూషణం అనే వెలమ యువకుడు క్రైస్తవ మతం పుచ్చుకుంటామని దొర ఇంటికి చేరారు. ఊరంతా అట్టుడికింది. చదువుకోసం పంపిన కొడుకులు ఇక తమకు దక్కరని తల్లిదండ్రులు గుండెలు బాదుకున్నారు. వారి బాధ తక్కువది కాదు. ఇద్దరికీ బాప్తిస్మం జరిగింది. మిగతావారు తమ పిల్లలను మాన్పించడంతో బడి దాదాపు ఖాళీ అయింది.

నోబుల్ బైబిలు పాఠం మానలేదు, ఊరూ విడిచిపోలేదు. నలుగురైదుగురు చొప్పున పిల్లలు మళ్ళీ వచ్చారు. చదివినవారిలో మతం మారినవారు కొద్దిమందే. ఎక్కువమంది తమ ఇంటి ఆచారంలోనే వుండి సర్కారు ఉద్యోగాల్లో చేరారు. ఆ బడిలో చదివిన ఉద్యోగులు లంచం ముట్టరని పేరుండేదని చెబుతారు. ఆ బడిలోనే చదివి క్రైస్తవుడైన జానీ అలీ అనే ముస్లిం యువకుడు తరువాత కేంబ్రిడ్జి దాకా వెళ్ళి చదువుకున్నాడు. రత్నం, భూషణం 1864లో గురువులుగా అభిషేకం పొందారు.

ఆ ఏడాదే నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడింది. పట్నంలోను, చుట్టుపక్కల ఊళ్ళలోను సుమారు 30 వేలమంది చనిపోయారు. 1977 దివిసీమ ఉప్పెన చూసినవారికి ఆ ఘోరం వేరే చెప్పనక్కరలేదు. నోబుల్ ప్రాణాలతో బయటపడ్డారు. కాని ఏడాది తిరగకుండానే 1865 అక్టోబరు 17న మరణించారు.

ఆయన పేరు పెట్టుకున్న కాలేజీలో తరువాతి కాలంలో బ్రహ్మసమాజికుడైన రఘుపతి వెంకటరత్నం నాయుడు అధ్యాపకుడుగా పనిచేశారు. ఆయన శిష్యుడు ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యలతో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. నోబుల్ నాటిన విత్తనం ఒకటి, పండిన పంట మరొకటి. అయినా జిల్లాకు నాయకులు కావాలంటే ముందు మంచి బడి కావాలన్న ఆయన నమ్మకం మాత్రం వమ్ము కాలేదు.