ఎన్నికను ప్రశ్నించినందుకు ప్రాణమే మూల్యం: జాకొమో మత్తెయొత్తి జీవితం

1924 మే 30. రోమ్‌లోని ఇటలీ ప్రతినిధుల సభ. అంతకు ముందు నెలలో జరిగిన ఎన్నికలు చెల్లవని వాదించేందుకు ప్రతిపక్ష సభ్యుడు జాకొమో మత్తెయొత్తి లేచి నిలబడ్డారు. కేకలు, బెదిరింపుల నడుమ ఆయన ప్రసంగం గంటకు పైగా సాగింది. పదకొండు రోజుల తర్వాత ఆయన అపహరణకు గురయ్యారు. ఎన్నికలు, చట్టాలు, పార్లమెంటు ఉన్న దేశంలోనే ఫాసిజం ఎలా వేళ్లూనిందో ఆయన జీవితం తెలియజేస్తుంది.

కూలీల పక్షాన భూస్వామి బిడ్డ

మత్తెయొత్తి 1885 మే 22న ఉత్తర ఇటలీలోని ఫ్రాత్తా పొలెసీనెలో సంపన్న భూస్వామ్య కుటుంబంలో జన్మించారు. పో, ఆదిజె నదుల మధ్యనున్న ఆ లోతట్టు నేలల్లో రైతుకూలీల దారిద్ర్యాన్ని చిన్ననాటి నుంచీ చూశారు. 1907లో బొలోన్యా విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పొందినా, సోషలిస్టుగా స్థానిక పాలన, సహకార సంఘాల పనినే ఎంచుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు ఆయనను దూరంగా సిసిలీకి పంపారు. 1919లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

యుద్ధానంతరం కూలీ సంఘాలు బలపడటంతో పెద్ద భూస్వాములు ఫాసిస్టు దళాలకు అండగా నిలిచారు. నల్లచొక్కాలు ధరించిన ఆ దళాలు లారీల్లో వచ్చి సంఘాల కార్యాలయాలను తగలబెట్టాయి, నాయకులను చితకబాదాయి. చాలాచోట్ల పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. 1921 మార్చిలో మత్తెయొత్తినే ఎత్తుకెళ్లి హింసించారు. సొంత జిల్లాలో ఆయన స్వేచ్ఛగా తిరగలేని స్థితి ఏర్పడింది. అయినా దాడుల తేదీలు, స్థలాలు, బాధితుల వివరాలు సేకరించడం ఆయన ఆపలేదు. ఏడాది ఫాసిస్టు పాలనపై ఆయన వెలువరించిన గ్రంథం ఆ శ్రమకు ఫలితం.

చట్టం ద్వారా మెజారిటీ

1922 అక్టోబరులో నల్లచొక్కాల దళాలు రోమ్ వైపు కదలగా, రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ ముస్సోలినీని ప్రధానిగా నియమించారు. అప్పటికి 1921 ఎన్నికల్లో గెలిచిన ఫాసిస్టులు 535 మంది సభ్యుల సభలో 35 మందే. లొంగదీసుకోవచ్చన్న నమ్మకంతో ఉదారవాదులు, కాథలిక్ పార్టీ ఆయనకు మద్దతిచ్చారు. మరుసటి ఏడాది అచెర్బో చట్టం వచ్చింది. కనీసం 25 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచిన జాబితాకు మూడింట రెండు వంతుల స్థానాలు దక్కుతాయన్నది దాని సారాంశం.

1924 ఏప్రిల్ 6న జరిగిన ఎన్నికల్లో ప్రభుత్వ జాబితా ఘనవిజయం సాధించింది. ఆ గెలుపు వెనుక ఏం జరిగిందో మత్తెయొత్తి సభలో వివరించారు. తమ పార్టీకి చెందిన వందమంది అభ్యర్థుల్లో దాదాపు అరవైమంది సొంత నియోజకవర్గాల్లో తిరగలేకపోయారని చెప్పారు. రెజ్జో ఎమీలియాలో ఆంతోనియో పిచ్చినీనీ అనే సోషలిస్టు అభ్యర్థి హత్యకు గురయ్యారు. పో మైదానంలో ఓటర్లకు అభ్యర్థుల ఎంపికను వేర్వేరు క్రమాల్లో నిర్దేశించి, ఎవరు ఎలా ఓటేశారో పసిగట్టారని ఆయన ఆరోపించారు. సభ ఆయన అభ్యర్థనను తోసిపుచ్చింది.

హత్య, ఆపై మౌనం

జూన్ 10న టైబర్ నది ఒడ్డున, ఇంటికి సమీపంలో ఐదుగురు ఆయనను బలవంతంగా కారులోకి లాగి హతమార్చారు. ఆగస్టు 16న రోమ్ శివార్లలోని అడవిలో మృతదేహం బయటపడింది. ముఠా నాయకుడు అమెరీగో దుమీనీకి ప్రధాని సన్నిహిత వర్గాలతో సంబంధాలున్నాయి. ముస్సోలినీ స్వయంగా ఆదేశించారా అన్నదానిపై చరిత్రకారుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి.

దేశం దిగ్భ్రాంతి చెందింది. ప్రతిపక్షం సభను బహిష్కరించి, రాజు జోక్యం చేసుకుంటారని ఎదురుచూసింది. రాజు కదలలేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ జరిగిన దానికంతటికీ రాజకీయ బాధ్యత తనదేనని సభలోనే ప్రకటించారు. ఆయనను నిలదీసే శక్తి అప్పటికి ఎవరికీ మిగల్లేదు. 1926లో కియేతి న్యాయస్థానంలో నిందితుల తరఫున వాదించింది ఫాసిస్టు పార్టీ కార్యదర్శి రొబెర్తో ఫరినాచ్చి. ముగ్గురికి ఆరేళ్ల లోపు శిక్ష పడింది, క్షమాభిక్షతో త్వరలోనే విడుదలయ్యారు. అదే ఏడాది చివరికి ప్రతిపక్ష పార్టీలన్నీ నిషేధానికి గురయ్యాయి. నియంతృత్వం కూలిన తర్వాత, 1947లో జరిగిన పునర్విచారణలో ముగ్గురికి యావజ్జీవ శిక్ష విధించారు.

నేడు ఫాసిజం అన్న మాట గిట్టని ప్రతివారిపైనా విసిరే నిందగా మారింది. మత్తెయొత్తి దానిని తిట్టుగా వాడి ఊరుకోలేదు, ఆధారాలతో నిరూపించారు. అభ్యర్థి నిర్భయంగా తిరగగలుగుతున్నాడా, ఓటు రహస్యంగా ఉందా, దాడి జరిగినప్పుడు పోలీసులు అడ్డుకుంటున్నారా, సభ ప్రతిపక్షాన్ని వింటోందా, న్యాయస్థానం దోషిని శిక్షిస్తోందా అన్నవే ఆయన జీవితం మిగిల్చిన ప్రశ్నలు. నూరేళ్లు గడిచినా, ఏ దేశ ప్రజాస్వామ్యాన్నైనా పరీక్షించేందుకు అవి ఈనాటికీ పనికివచ్చే కొలబద్దలే.