శస్త్రవైద్య మార్గదర్శి జహ్రావీ (రహ్మ)

తలలో ఒకవైపే పట్టి పీడించే నొప్పిని మన ఇళ్ళలో ఆధాసీసీ అంటారు. అరబ్బీ వైద్యులు దాన్ని షఖీఖా అన్నారు. ఏళ్ళ తరబడి వదలని ఈ బాధకు కత్తితో చికిత్స చేయవచ్చా? వెయ్యేళ్ళ క్రితమే దీనికి సమాధానం వెతికిన ఒక ముస్లిం వైద్యుని జీవితాన్ని ఈసారి తెలుసుకుందాం.

ఆయన పేరు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ. స్పెయిన్‌లో ఖుర్తుబా (కొర్డోబా) నగరానికి చేరువలోని మదీనతుజ్జహ్రా ఆయన ఊరు. ఆ ఊరి పేరుతోనే లోకం ఆయన్ని ఎరుగును. సుమారు 1000 సంవత్సరంలో తన జీవితకాల అనుభవాన్ని 30 భాగాల ‘కితాబుత్తస్రీఫ్’ గ్రంథంలో పొందుపరిచారు. చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్స గురించే. అందులో దాదాపు 200 పరికరాల బొమ్మలున్నాయి.

దీర్ఘకాలపు తలనొప్పికి ఆయన వెంటనే కత్తి పట్టలేదు. ముందు మందులు వాడారు. అవి పనిచేయనప్పుడే కాల్చిన ఇనుముతో వాత పెట్టమన్నారు. వాతకు భయపడేవారికి కణత దగ్గర చర్మం కోసి, వెల్లుల్లి రెబ్బను లోపల ఉంచే పద్ధతి చెప్పారు. మరీ మొండి నొప్పికి కణతలోని రక్తనాళాన్ని రెండుచోట్ల దారంతో కట్టి, మధ్యలో కోసే విధానాన్ని వివరించారు.

అయితే ఆయన ఆవేదన వేరే ఉంది. శరీర నిర్మాణం తెలియని ఒక వైద్యుడు ఒక స్త్రీ మెడపై గడ్డను కోయబోయి రక్తనాళాలను తెంచాడు. ఆమె అక్కడే ప్రాణం విడిచింది. ఈ సంఘటనను జహ్రావీ తన గ్రంథంలోనే రాశారు. విద్య లేని చేతిలో కత్తి హంతకుని ఆయుధమే అవుతుందని శిష్యులను, తన బిడ్డలుగా భావించి, హెచ్చరించారు. ధనాశకు లోనై ప్రమాదకరమైన చికిత్సకు పూనుకోవద్దన్నారు.

12వ శతాబ్దంలో టొలెడోలో గెరార్డ్ ఈ భాగాన్ని లాటిన్‌లోకి అనువదించారు. ఐరోపా వైద్యులు శతాబ్దాలపాటు దాన్ని చదివారు.

నేడు ఆధాసీసీకి ప్రధాన చికిత్స మందులే. వాతలు, వెల్లుల్లి కోతలు ఇప్పుడు ఎవరూ అనుసరించరాదు. ముఖంలో మెరుపులా పొడిచే ట్రైజెమినల్ నొప్పికి మాత్రం, మందులు చాలనప్పుడు, నరాన్ని నొక్కుతున్న రక్తనాళాన్ని పక్కకు జరిపే ఆపరేషన్ ఉంది. దాన్ని నిపుణులే నిర్ణయించాలి.

ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును కల్పించాడని ప్రవక్త (స) మనకు బోధించారు. ఆ మందును తెలిసినవారి దగ్గరే వెతకాలన్నది జహ్రావీ జీవితం నేర్పే పాఠం. ఇంట్లో ఎవరైనా ఇలాంటి నొప్పితో బాధపడుతుంటే వాతలు పెట్టేవారి దగ్గరికి కాక, అర్హత గల వైద్యుని దగ్గరికి తీసుకువెళ్దాం.