బెంగుళూరు నాగరత్నమ్మగారు: ఒక కావ్యముయొక్క ప్రథమ ముద్రణము

పాత గ్రంథములను సేకరించు గృహస్థులు ముఖపత్రముమీది సంవత్సరమును చూచి, ఇది ప్రథమ ముద్రణమని తృప్తి నొందుట కలదు. తొలుత అచ్చైన ప్రతియే కవి వ్రాసిన ప్రతి యగునా? ఈ ప్రశ్నకు తన జీవితముచే సమాధానము చెప్పిన విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మగారు.

ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడున దేవదాసీ కులమున జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మమ్మ. బాల్యముననే సంస్కృతము నభ్యసించి, సంగీతమున ప్రవీణురాలై, చెన్నపట్టణమున స్థిరపడి విఖ్యాతి గడించిరి. తెలుగు ఆమె మాతృభాష కాకున్నను తెలుగు సాహిత్యముపై ఆమెకుగల ప్రీతి అపారము.

తంజావూరి సాహిత్యమును గూర్చిన ఒక వ్యాఖ్యలో రాధికాసాంత్వనమును ప్రశంసించుట చూచి ఆమె ఆ గ్రంథమునకై వెదకిరి. ప్రతాపసింహుని ఆస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన కావ్యమది. ఎంతో శ్రమమీద దొరకిన అచ్చుప్రతి 1887 నాటిది. బ్రౌనుదొరకు సహచరులైన పైడిపాటి వెంకటనరసుగారు ప్రకటించినది. పిదప వ్రాతప్రతి లభింపగా రెంటిని సరిపోల్చిరి. అచ్చుప్రతిలో కవయిత్రి తన్ను గూర్చియు తన వంశమును గూర్చియు చెప్పుకొనిన అవతారిక లేదు. మరికొన్ని పద్యములును లేవు. కాలమున మొదటిదైన ఆ ముద్రణము కవయిత్రి పరిచయమునే తొలగించినది!

కందుకూరి వీరేశలింగము పంతులుగారు ముద్దుపళని కవిత్వమును స్త్రీకి తగనిదని గర్హించియుండిరి. పంతులుగారు సంఘమునకు చేసిన మేలు మరువరానిది. కాని పురుషులు వ్రాసిన శృంగారకావ్యములను పండితులు తలపై మోయుచుండగా, లజ్జ స్త్రీకి మాత్రమే విధియా యని నాగరత్నమ్మగారు తమ పీఠికలో నిర్భయముగ నడిగిరి. 1910లో వావిళ్లవారు ఆమె పరిష్కరించిన సంపూర్ణ ప్రతిని ప్రకటించిరి. 1854లో స్థాపితమై, ఒక కుటుంబమువారు చెన్నపట్టణమున నడిపిన ముద్రణాలయమది.

మరుసటి యేడు ప్రభుత్వము అశ్లీలమని ఆక్షేపించి ప్రతులను స్వాధీనపరచుకొనెను. ఆ ముద్రణము నేడు దుర్లభమగుటకు ఇదియే హేతువు. పరప్రభుత్వపు పోలీసులు మన కావ్యములలో గుణదోషవిచారణ చేయుటకంటె అవమానకరమేమి కలదు? 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము నిషేధమును తొలగింపగా, 1952లో వావిళ్లవారే పునర్ముద్రించిరి.

కావున పాతపెట్టెలో ఈ కావ్యము దొరకినవారు వావిళ్లవారి పేరు మాత్రమే చూచి నిర్ణయింపరాదు. రెండు ముద్రణములును ఆ పేరనే వెలువడినవి. సంవత్సరమును చూడవలెను. 1887 ప్రతి లభించినచో అదియును దాచదగినదే. కాని దానిని సంపూర్ణగ్రంథమని భ్రమింపరాదు. అవతారిక ఉన్నదా లేదా యని పరిశీలించుట ముఖ్యము.

నాగరత్నమ్మగారి కీర్తి ఈ గ్రంథముతో ముగియలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై యుండగా, తమ ఆర్జనను ధారపోసి మందిరము కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించిరి. అచటి ఆరాధనలో స్త్రీలకు పాడుటకు అవకాశము లేకుండగా, స్త్రీలచేతనే వేరుగా ఆరాధన నడిపించిరి. 1952 మే నెలలో దివంగతులైరి. రాధికాసాంత్వనము మరల లోకమును చూచినదియు ఆ సంవత్సరముననే.

మరుగుపడిన సమాధిని నిలిపినట్లే, మరుగుపరచిన పద్యములను ఆమె నిలిపిరి. కాలమును బట్టి 1887 నాటిదే ప్రథమ ముద్రణము కావచ్చును. ముద్దుపళని తన మాటను తాను పూర్తిగ చెప్పుకొనిన తొలి ముద్రణము మాత్రము 1910 నాటిదే. ఆ ప్రతి ఎవరి యింట నున్నను, దానిని చెదలపాలు గాకుండ కాపాడుట ఆంధ్రభాషకు చేసిన సేవయే యగును.