చెరువు ఒడ్డున హోటలా? జెఫ్రీ బావా కట్టడాల కథ

శ్రీలంకలో దంబుల్లా దగ్గర కండలమ చెరువు ఒడ్డున పెద్ద హోటల్ కడతారని తెలిసి, 1990ల మొదట్లో స్థానికులు, బౌద్ధ భిక్షువులు రోడ్డెక్కారు. మురుగు చెరువులో కలుస్తుందని, అడవి పోతుందని వాళ్ల భయం. ఆ హోటల్‌ను డిజైన్ చేసింది జెఫ్రీ బావా. ప్రకృతితో కలిసిపోయే కట్టడాలు అనగానే దక్షిణాసియాలో ముందుగా వినిపించే పేర్లలో ఆయనదొకటి.

1919లో కొలంబోలో పుట్టిన బావా కేంబ్రిడ్జిలో ఇంగ్లిష్ సాహిత్యం, తర్వాత లండన్‌లో లా చదివారు. తండ్రి పేరున్న లాయర్. కొడుక్కి మాత్రం నల్లకోటు నచ్చలేదు. తల్లి చనిపోయాక ప్రాక్టీసు వదిలేసి దేశాలు తిరిగారు. 1948లో బెంటోట దగ్గర లునుగంగ అనే పాడుబడ్డ రబ్బరు తోట కొన్నారు. దాన్ని ఇటలీలో చూసిన తోటల్లా మార్చాలన్నది కోరిక. పనిలోకి దిగాక, మనసులో ఉన్నది నేల మీద పెట్టే చదువు తనకు లేదని అర్థమైంది. మళ్లీ విద్యార్థి అయ్యారు. లండన్‌లో చదువు పూర్తిచేసి 1957లో ఆర్కిటెక్ట్ అయ్యేసరికి 38 ఏళ్లు.

తోట దారిలో ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి కాబట్టే, ఆయన ప్లానులో ముందు చెట్టు, వాలు, నీరు ఉంటాయి. గోడలు తర్వాత. 1960ల మొదట్లో కొలంబోలో బాతిక్ కళాకారిణి ఎనా డిసిల్వాకు కట్టిన ఇల్లే చూడండి. మధ్యలో చెట్లున్న విశాలమైన వాకిలి, చుట్టూ వరండాలు, గదులు, కిందికి దిగిన పెంకుల కప్పు. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారికి ఇది సొంత ఊరి ఇల్లులాగే అనిపిస్తుంది. అప్పట్లో దిగుమతులపై ఆంక్షల వల్ల ఉక్కు, గాజు దొరకడం కష్టం. ఆ కొరతే ఆయన్ను స్థానిక పెంకు, రాయి, కలప వైపు మరింత నడిపించింది.

కండలమలోనూ స్థలం ఎంపిక ఆయనదే. సిగిరియా కొండ పక్కనే కడదామన్న ఆలోచనను కాదని, ఆ కొండ దూరంగా కనిపించే చెరువు ఒడ్డును ఎంచుకున్నారు. రాతి గుట్టను తొలిచి చదును చేయకుండా, దాన్ని ఆనుకుని సుమారు కిలోమీటరు పొడవున హోటల్ సాగుతుంది. వాననీరు కిందుగా పారేలా స్తంభాలపై నిలబెట్టారు. నడవాల్లోకి రాయి పొడుచుకొస్తుంది, ముఖభాగాన్ని తీగలు కప్పేశాయి.

1994లో హోటల్ తెరిచారు. ఆ తీగల ఫొటోలు చూసి మురిసిపోయేవారు నిరసన సంగతి మరచిపోతుంటారు. భవనాన్ని అడవిలో దాచడం ఆర్కిటెక్ట్ చేయగలరు. అక్కడ రోజూ వాడే నీళ్లు ఎటు పోతాయన్నది నడిపేవాళ్ల చేతిలో ఉంటుంది. జనం అడిగింది ఆ రెండో సంగతే.

1998లో వచ్చిన పక్షవాతం బావా పనిని ఆపేసింది. 2001లో ఆగాఖాన్ ఛైర్మన్ అవార్డు వచ్చింది. 2003లో కన్నుమూశాక అస్థికలను లునుగంగలోనే ఉంచారు. ఎనా డిసిల్వా ఇంటి స్థలం తర్వాత చేతులు మారింది. ఇంటిని భాగాలుగా ఊడదీసి, లునుగంగకు తెచ్చి మళ్లీ నిలబెట్టారు.